డిపో గేటు దగ్గరి బ్రీత్ అనలైజర్ గారికి

అయ్యా,

ఫస్ట్ సర్వీసు కదలాలంటే ముందు మీ దర్శనం కావాలి. పైపు నోట్లో పెట్టుకుని ఊదుతాం, మీరు కూత పెట్టకపోతే చార్టులో సంతకం పెట్టి బస్సెక్కుతాం. జీతం అడగరు, లీవు అడగరు. డిపోలో మీ అంత బుద్ధిమంతుడు ఇంకొకరు లేరు.

రోడ్డు మీద చట్టం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాకా చూసీచూడనట్టు పోతుంది. మీ దగ్గర ఆ దయ కూడా లేదు, సున్నా రావాల్సిందే. మొన్న దగ్గు మందు తాగొచ్చిన పెద్దాయన్ని పట్టేసుకున్నారు. నోరు పుక్కిలించి, పావుగంట ఆగి మళ్లీ ఊదితే గానీ వదల్లేదు. శభాష్.

అదే రోజు మా సీనియర్ డ్రైవర్ ఒకాయన మీకు సున్నా చూపించి వెళ్లాడు. చార్టులో సంతకం కోడి గీకినట్టుంది. క్యాంటీన్లో టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా అంచు పళ్లకు తగిలి టకటకలాడుతోంది. చల్లటి పొద్దున ఆ చెమటలేమిటో! రోజూ రాత్రి పడే చుక్క ఆ రాత్రి పడలేదు, అందుకే ఆ వణుకు. ఆ స్థితిలో ఫిట్స్ కూడా రావచ్చంటారు డాక్టర్లు. మీరు మాత్రం ఫిట్ అన్నారు!

కల్తీ కల్లు తాగేవాళ్లయితే మీకు మరీ ఆప్తులు. ఆల్కహాల్ ఆవిరి తగిలితేనే మీలో కరెంటు పుడుతుంది. కల్లులో కలిపిన ఆల్ప్రజోలం అనే మత్తుమందు మీకెలా తెలుస్తుంది? 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడ్డప్పుడు, అది దొరక్క ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం వరస కట్టారు, ఆ సంగతి మీ దాకా వచ్చినట్టు లేదు. గంజాయి మాట ఎత్తను, మీ పరువు పోతుంది.

మీరు రాకముందు కంట్రోలర్ గారే మనిషిని ఆపి రెండు మాటలు మాట్లాడించేవారు. జీతాల మర్నాడు ఎవరు రారో, ఎవరి బస్సుకు తరచూ గీతలు పడుతున్నాయో, చేబదులు అడగడంలో ఎవరు ఆరితేరారో ఆయనకు కంఠోపాఠం. ఇప్పుడు ఆయన మొహాలు చూడ్డం మానేసి మీ అంకెలు చూస్తున్నారు. మాకూ సుఖంగానే ఉంది లెండి, "ఒంట్లో బాగోలేదట సార్" అని తోటివాడి తరఫున చెప్పేసి ఊరుకుంటాం.

మీరు కూత పెడితే సస్పెన్షన్, పెట్టకపోతే డ్యూటీ. డాక్టరు దగ్గరికి పంపే బటన్ మీలో లేదు. పై అంతస్తులో ఆఫీసర్ల గదులకు మెట్లెక్కడం కూడా మీకు రాదనుకుంటా.

రేపు ఆ చేతులు వణికే సీనియర్ డ్రైవర్‌దే నైట్ సర్వీసు, వెనక బస్సు నిండా జనం. పైపు పట్టుకున్న చెయ్యి చూడ్డానికి మీకు కళ్లు లేవు, సరే. పక్క కుర్చీలో ఉన్న కంట్రోలర్ గారికి ఉన్నాయి కదా, కాస్త చెప్పండి.

ఇట్లు,
రోజూ మీకు ఊపిరి సమర్పించే ఓ కండక్టరు