సవరణ: గాజువాక బోరు నీటిలో సీసం

మా వీధి బోరు నీటిలో సీసం పరిమితి దాటిందని పోయిన వారం రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చదివి టెన్షన్ పడిన ఇరుగుపొరుగు వాళ్లు నన్ను క్షమించాలి.

తప్పు ల్యాబ్‌ది కాదు, నేను నీళ్లు పట్టిన తీరుది. తాగునీటిలో సీసానికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. ఇంత సూక్ష్మంగా కొలిచేటప్పుడు రోడ్డు దుమ్ము, ఇత్తడి కుళాయి, సరిగ్గా కడగని మూత కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. నేను వాడింది ఇంట్లో పడి ఉన్న పాత బాటిల్. అంతకన్నా పెద్ద పొరపాటు, బ్లాంక్ పంపకపోవడం. బ్లాంక్ అంటే, అదే రకం బాటిల్‌లో శుద్ధజలం పోసి, బోరు దగ్గరే కాసేపు మూత తీసి, నమూనాతో పాటు పరీక్షకు ఇచ్చేది. అందులోనూ సీసం కనిపిస్తే అది బయట నుంచి చేరినట్టే. భూమి వయసు లెక్కగట్టిన క్లెయిర్ ప్యాటర్సన్ కూడా ఇలా బయట నుంచి చేరే సీసంతోనే ఏళ్ల తరబడి కుస్తీ పట్టాడు.

ఈసారి ల్యాబ్ వాళ్లే ఆమ్లంతో కడిగిన ప్లాస్టిక్ బాటిళ్లు ఇచ్చారు. ఆదివారం తమ్ముడు పంపు చూసుకుంటాడు, నేను గ్లవ్స్‌తో బాటిల్ తప్ప ఇంకేదీ ముట్టుకోను. ఫలితం వచ్చేదాకా తాగడానికి కుళాయి నీళ్లే. బోరు నీళ్లు మరిగిస్తే చాలనుకోకండి, మరిగిస్తే సీసం పోదు.