రచన: జానపదమా?

ఉత్తర చెన్నైలోని ఒక తెలుగు కుటుంబం పాట గురించి ఈ పత్రికలో వస్తున్న వార్తలు పాఠకులు చదువుతూనే ఉన్నారు. కిందటేడు కన్నుమూసిన ఆ ఇంటి అవ్వ సొంతంగా కట్టి, పేటలో పెళ్లిళ్లకూ పురుళ్లకూ పాడుతూ వచ్చిన పాట ఇప్పుడు యూట్యూబ్‌లో రంగుల వీడియోగా తిరుగుతోంది. వీడియో కింద ‘మరిన్ని’ అన్నచోట నొక్కితే పేర్ల జాబితా తెరుచుకుంటుంది. డ్రోన్ నడిపిందెవరు, నాయికకు జడ వేసిందెవరు, పోస్టర్ చేసిందెవరు, ఇన్‌స్టాలో ప్రచారం చూసుకున్నదెవరు, అన్నీ ఉన్నాయి. భోజనాలు పెట్టినవారి ఫోన్ నంబరు కూడా ఉంది. ‘రచన’ అన్నచోట మాత్రం ఒకటే మాట: జానపదం.

దీన్ని పొరపాటు అనడానికి మాకు మనసొప్పడం లేదు. పొరపాటైతే ఆ అవ్వ మనవరాలు ఫోన్ చేసిన రోజే దిద్దేవారు. వీడియో కింద రెండు మాటలు మార్చడానికి షూటింగ్ మళ్లీ పెట్టనక్కర్లేదు, కోర్టు ఉత్తర్వూ అక్కర్లేదు. అయినా ఇప్పటికీ మార్చలేదు.

జానపదం ఎవరి సొత్తూ కాదని, తాము డబ్బు పెట్టి నలుగురికీ వినిపించకపోతే ఆ పాట ఆ వీధిలోనే అడుగంటిపోయేదని తీసినవాళ్లు అంటున్నారు. తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చిన పాటలు ఉన్నమాట నిజమే. వాటికి కర్తను వెతికి పట్టుకురమ్మని ఎవరూ అనడం లేదు. కానీ ‘ఇది మా అవ్వ కట్టింది’ అంటూ ఇంటివాళ్లు గుమ్మం ముందు నిలబడి చెబుతున్నా వినకుండా జానపదం అని రాసుకోవడాన్ని ఏమనాలి? అనుమతి అడగాల్సిన పని లేకుండా, రాయల్టీ ఇవ్వాల్సిన పని లేకుండా ఆ ఒక్క మాట చేసిపెడుతోంది. ఇప్పుడు ఊరుకుంటే ఇదే ఆనవాయితీ అవుతుంది. మా భయమంతా అదే.

ఆనవాయితీ ఎలా పాతుకుపోతుందో రతన్ కహార్ విషయంలో చూశాం. బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాకు చెందిన ఈ జానపద గాయకుడు 1970ల్లో కట్టిన పాటలోని చరణాలను 2020 మార్చిలో ర్యాపర్ బాద్షా తన వీడియోలో వాడుకున్నారు. కహార్ పేరు ఎక్కడా వేయలేదు. జనం నిలదీశాక బాద్షా చెప్పిన సమాధానం ఏమిటంటే, అంతకుముందు వచ్చిన రికార్డుల్లోనూ సంప్రదాయ గీతం అనే ఉంది కాబట్టి తనకు తెలియలేదని. ఆ తర్వాత ఆయన కహార్‌కు 5 లక్షల రూపాయలు పంపారు. 2024లో కేంద్రం కహార్‌కు పద్మశ్రీ ఇచ్చింది. బాద్షా సమాధానం అబద్ధమని మేం అనడం లేదు. అది నిజం కావడమే అసలు ప్రమాదం. ఒకసారి ఎవరో పేరు ఎగ్గొట్టారు. తర్వాత వచ్చినవాళ్లందరికీ అదే రుజువైంది. రేపు ఈ అవ్వ పాటను ఇంకొకరు రీమిక్స్ చేస్తే వాళ్లు చూపించబోయేది ఈ వీడియోనే.

ఇది పల్లెల్లో, పేటల్లో జరిగే అన్యాయం మాత్రమే కాదు. 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ మొదలైనప్పుడు తెర మూలన గాయకుడి పేరు, పాట పేరు, కంపెనీ పేరు పడేవి. ఆ వీడియో తీసిన దర్శకుడి పేరు పడటానికి 1992 దాకా పట్టింది. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ లోకాన్ని ఊపేసింది ఆ పదకొండేళ్లలోనే. 2011లో బియాన్సే ‘కౌంట్‌డౌన్’ వీడియోలోని అడుగులు తనవేనని బెల్జియం నృత్య దర్శకురాలు ఆన్ తెరేసా డి కీర్స్‌మేకర్ బయటపెడితే, ఆ ప్రభావాన్ని బియాన్సే ఒప్పుకోక తప్పలేదు. కీర్స్‌మేకర్‌కు తన నాట్యాన్ని సినిమాగా తీసిన సాక్ష్యం ఉంది, దేశదేశాల్లో పేరుంది. మన అవ్వకు ఏముంది? గిన్నెల చప్పుడు మధ్య మనవరాలు ఫోన్‌లో తీసుకున్న మసక వీడియో ఒకటి. దాన్ని ఇప్పుడు యూట్యూబ్‌లో పెడితే పాటలను పోల్చి హక్కుదారును తేల్చే ‘కంటెంట్ ఐడీ’ యంత్రాంగం లెక్కల్లో పాట కంపెనీదని తేలి, ఆ ఇంటివాళ్ల మీదే క్లెయిమ్ పడే పరిస్థితి.

చెన్నైకి ఈ పాఠం కొత్త కాదు. 2021 మార్చిలో వచ్చిన ‘ఎంజాయ్ ఎంజామి’ని తమిళం రాని మన పిల్లలు కూడా నోటికి నేర్చుకున్నారు. తేయాకు తోటల్లో చాకిరీ చేసిన తన అమ్మమ్మ వల్లియమ్మాళ్ జ్ఞాపకాల నుంచి ర్యాపర్ అరివు రాసి, గాయని ధీతో కలిసి పాడిన పాట అది. అదే ఏడాది ఒక ప్రముఖ సంగీత పత్రిక ముఖచిత్రం మీద ధీ కనిపించారు, అరివు కనిపించలేదు; దర్శకుడు పా. రంజిత్ బహిరంగంగా తప్పుపట్టాకే అరివుకు వేరే ముఖచిత్రం వచ్చింది. 2022లో మన ఊళ్లోనే చెస్ ఒలింపియాడ్ ఆరంభోత్సవంలో ఆ పాట మోగినప్పుడు కూడా వేదిక మీద అరివు లేరు. చివరికి 2024లో, పాట వచ్చి మూడేళ్లయిన సందర్భంగా సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ ఆ పాట మీద తమలో ఎవరికీ ఒక్క పైసా అందలేదని చెప్పారు. కోట్ల మంది చూసిన వీడియో సంగతి ఇది. పేరున్నవాళ్ల గతే ఇలా ఉంటే, పులియంతోపులో, వ్యాసర్‌పాడిలో పొద్దున్నే చీపురు పట్టుకుని వీధుల్లోకి వెళ్లే మన తెలుగు ఆడవాళ్ల పాటలకు దిక్కెవరు?

ఇదే ఊళ్లో మార్గళి వచ్చిందంటే సభల్లో తెలుగు కీర్తనలు మార్మోగుతాయి. కర్త సంతకంలాంటి ‘త్యాగరాజ’ అన్న ముద్ర చరణంలోనే ఉంటుంది, మువ్వగోపాల అనగానే క్షేత్రయ్య కళ్లముందు నిలుస్తాడు. కర్త పేరు తప్పు చెబితే ముందు వరుసలోని రసికులు కచేరీ అయ్యాక గాయకుణ్ని పట్టుకుని మరీ దిద్దుతారు. అది మంచి మర్యాద. మైలాపూరులో పాటించే ఆ మర్యాద మింట్ వీధి దాటి ఉత్తరానికి ఎందుకు వెళ్లదు? పాటలో ముద్ర వేసుకోవడం తెలియని మనిషి కట్టిందనేనా? ఈ రెండు నాల్కల తీరు మాకు మింగుడు పడటం లేదు.

చట్టం ఏమీ చేయలేదని చెప్పడం కూడా సాకే. కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కర్త చనిపోయాక 60 ఏళ్ల పాటు హక్కు వారసులదే. తన కృతి తనదని చెప్పుకునే హక్కు కాపీరైట్ చట్టం 57వ సెక్షన్‌లో ఉంది. 2012 సవరణ తర్వాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ ధారపోయడానికి వీల్లేదు. లోపమల్లా 52ఎ సెక్షన్‌లో ఉంది. రికార్డు మీదా, వీడియో మీదా తయారుచేసినవారి పేరు, హక్కుదారు పేరు చిరునామాలతో సహా ఉండాలని ఆ సెక్షన్ చెబుతుంది. రాసినవారి పేరు ఉండాలని చెప్పదు. డబ్బు పెట్టినవాడి చిరునామా కావాలట, పాట పుట్టించిన మనిషి పేరు అక్కర్లేదట. పార్లమెంటు ఈ ఒక్క వాక్యం చేర్చడానికి ఇంకెన్ని పాటలు పోవాలి?

ఈలోగా ఆనవాయితీ ఇంకో మెట్టు ఎక్కింది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును కృత్రిమ మేధతో పుట్టించి కుటుంబానికి మాటమాత్రం చెప్పకుండా వాడారని ఒక తెలుగు సినిమా నిర్మాతలకు ఆయన కుమారుడు చరణ్ నోటీసు పంపాల్సి వచ్చింది. అది 2024 నాటి సంగతి. అదే ఏడాది ఏఆర్ రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులను వాడుకున్నారు, కానీ ముందే వారి కుటుంబాలను అడిగారు, పారితోషికం ఇచ్చారు. అడగాలనుకుంటే అడగవచ్చని ఆయన చేసి చూపించారు. అవ్వ పాటను తీసుకున్న కంపెనీ సాలిగ్రామం నుంచి ఆ ఇంటికి ఆటోలో గంటలో వెళ్లి రావచ్చు. వెళ్లలేదు.

కంపెనీలతో పాటు మన తెలుగు సంఘాలను కూడా అడగాల్సిందే. ఏటా ఉగాదికి హాలు మాట్లాడి, వేదిక కట్టి, జానపదాన్ని బతికిస్తున్నారంటూ ఇలాంటి వీడియోలు తీసినవాళ్లకే జ్ఞాపికలు ఇస్తున్నారు. ఆ పాట కట్టినవాళ్లు మీ హాలుకు నాలుగు వీధుల అవతలే ఉన్నా ఆహ్వానపత్రిక వెళ్లదు. ఈసారి శాలువా కప్పే ముందు పాట ఎవరిదో అడగండి. ‘జానపదం’ అన్న జవాబు వస్తే ఏ ఊరి జానపదం, ఎవరి నోట విన్నారు, వాళ్లకేమిచ్చారు అని మైకులోనే అడగండి. అంత మాట అడిగే ధైర్యం లేని సంఘం ఇకమీదట తెలుగు సంస్కృతి పేరు చెప్పి ఈ ఊళ్లో చందాలు వసూలు చేయడం మానుకోవాలి.