టే నదిలో మన పులస లెక్కలు

మాది రావులపాలెం దగ్గర గోదారి గట్టు మీద ఊరు, కాబట్టి చేపల గురించి నాకెవడూ చెప్పక్కర్లేదనే పొగరు పుట్టుకతోనే వచ్చేసింది. నిజానికి నేను జీవితంలో చేపని పట్టుకుంది కంచంలోనే. ఆ సంగతి ఎడింబరాలో ఎవరికీ తెలీదు కదా అని ఆఫీసులో పులస గురించి తెగ చెప్పేవాణ్ణి. సముద్రంలో ఉన్నంతసేపు విలస, ఎర్ర నీళ్ళు తగిలి గోదారి ఎదురెక్కితే పులస, పుస్తెలు అమ్మైనా తినాలంటారు మా వైపు, అని. మా టీంలో ఒక స్కాటిష్ పెద్దాయన ఉన్నాడు, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నాడు, ఆయన అంతా విని "అచ్చం మా సాల్మన్ కథే, అది కూడా నదిలో పుట్టి సముద్రానికి పోయి మళ్ళీ నదికే వస్తుంది, ఒకసారి వెళ్ళి పట్టరాదూ" అన్నాడు. నా ఖర్మ కాలి ఆ మాట ఇంట్లో చెప్పా.

ఇంట్లో అప్పుడు మా అత్తగారు ఉన్నారు. ఆత్రేయపురం వైపు మనిషి, ఆర్నెల్లకని వచ్చారు, ఇక్కడి చేప తిన్న మొదటి రోజే "ఇది చేపా అల్లుడుగారూ, దూదా?" అన్నారు. నది చేప, అది కూడా ఏరు ఎదురెక్కే చేప తెస్తానని నేను అన్నానో లేదో పులుసులోకి బెండకాయలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోమని మా ఆవిడకి ఆర్డర్ పడిపోయింది.

సరే, ఎప్పుడు వెళ్ళాలి, ఏ నదికి వెళ్ళాలి. ఇక్కడ నదికో ముహూర్తం అండీ, మన పుష్కరాల్లాగా, కాకపోతే పన్నెండేళ్ళకోసారి కాదు, ఏడాదికోసారి. టే నదిని సాల్మన్ వేటకి జనవరి 15న తెరుస్తారు, బ్యాగ్‌పైపులు వాయించుకుంటూ వెళ్ళి పడవ మీద విస్కీ పోస్తారు (మనం గంగమ్మకి కొబ్బరికాయ కొట్టినట్టు, అక్కడ మంచి విస్కీ నీళ్ళపాలవుతుందే అని బాధపడేది నేనొక్కణ్ణే అనుకుంటా). ట్వీడ్, డీ నదులు ఫిబ్రవరి 1న, స్పే ఫిబ్రవరి 11న. పెద్దాయన నాకు ఓపిగ్గా క్లాసు పీకాడు. వసంతంలో వచ్చే చేప తక్కువే కానీ బలం ఉన్న చేప, ఎందుకంటే నదిలోకి వచ్చాక ఇంక మేత ముట్టదు, శీతాకాలం మొదట్లో గుడ్లు పెట్టేదాకా ఒంట్లో కొవ్వు మీదే బతకాలి. ఈ చేప కావాలంటే పెద్ద నదికే వెళ్ళాలి, పడమటి వైపు చిన్న చిన్న ఏర్లు వేసవిలో వాన పడ్డాక సంగతి. నీళ్ళు బాగా చల్లగా, 5 డిగ్రీలకి అటూ ఇటూ ఉన్నన్నాళ్ళూ చేప అడ్డుకట్టలూ జలపాతాలూ ఎక్కదు, అందుకని మార్చిలో నది కింది భాగం, మే వస్తే పై భాగం. నదిని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి టికెట్ అమ్ముతారు, దాన్ని బీట్ అంటారు, మనకి తెలిసిన బీట్ కానిస్టేబుల్ బీటే. చివర్లో ఇంకోటి కూడా చెప్పాడు: వాన పడ్డాక నీళ్ళు పెరిగి, మళ్ళీ తగ్గుతూ తేటపడుతున్నప్పుడు వెళ్ళు.

ఇందులో నా బుర్రకెక్కింది "వాన పడ్డాక" అన్నంత వరకే. మిగతాది ఎక్కలేదు, ఎక్కడానికి అక్కడ ఖాళీ లేదు, అక్కడంతా గోదారి ఉంది. ఎర్ర నీళ్ళొస్తే చేప వస్తుంది, ఇది మాకు పాలు తాగే వయసులో నేర్పిన సైన్సు.

మొదట ఆదివారం ప్లాన్ చేశా. వీకెండ్ కదా. ఆన్‌లైన్లో ఎంత వెతికినా ఆదివారానికి టికెట్ ఒక్కటీ కనపడదు, అబ్బో ఎంత డిమాండో అనుకుని పెద్దాయన్ని రికమెండేషన్ అడిగితే ఆయన నన్ను అదోలా చూశాడు. స్కాట్లండ్‌లో ఆదివారం సాల్మన్ పట్టడం చట్టప్రకారం నేరమట. చేపకి వీక్లీ ఆఫ్! ప్రొడక్షన్ సపోర్టులో ఉన్న నాకు లేదు, చేపకి ఉంది.

సరే సోమవారం లీవు పెట్టా. పెర్త్ దాటాక టే నది కింది భాగంలో ఒక బీట్ మీద ఒక రోజు టికెట్, ధర ఇక్కడ చెప్పను, ఇంట్లో కూడా వేరే అంకె చెప్పా. ఆ ముందు శుక్ర శనివారాలు ఒకటే వాన. ఇక్కడ నది మట్టం గంట గంటకీ నెట్లో గ్రాఫులు పెడతారు, ఆ గీత నిటారుగా పైకి లేస్తుంటే నాకు చిన్నప్పుడు ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటింది, మొదటి ప్రమాద హెచ్చరిక అని రేడియోలో వింటే వచ్చే ఆనందం వచ్చింది. (పెద్దవాళ్ళకి భయం, మాకు బడికి సెలవు.) అత్తగారికి చూపించా. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని "ఎగదన్నుతుందండీ, వెళ్ళొచ్చెయ్యండి" అన్నారు. గోదారి జిల్లా ఏకగ్రీవ తీర్మానం.

సోమవారం పొద్దున్నే వెళ్ళి చూద్దును కదా, నది టీ రంగులో ఉంది, చెట్ల కొమ్మలు కొట్టుకొస్తున్నాయి, నాకైతే కడుపు నిండిపోయింది, ఆహా మన నీళ్ళే అని. నది దగ్గర దారి చూపించి, పడవ నడిపి, ఏ రాయి పక్కన చేప ఆగుతుందో చెప్పే మనిషిని ఇక్కడ గిల్లీ అంటారు. మా ఆవిడకి ఫోన్ చేసి "గిల్లీ వచ్చాడు" అంటే "ఎవరు గిల్లారు?" అని కంగారు పడింది. ఆ గిల్లీ గారు నదిని చూశాడు, నన్ను చూశాడు, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. కూర్చో అన్నాడు. ఎంతసేపు అంటే బుధవారం దాకా అన్నాడు.

ఇంతకీ విషయం ఏంటంటే మన పులసని పట్టేది వలతో, నీళ్ళు ఎర్రగా ఉన్నా నల్లగా ఉన్నా వలకి అడ్డం పడితే చాలు. ఇక్కడ గాలం. ఈకలూ వెంట్రుకలూ కట్టిన కొక్కేన్ని చేప కళ్ళారా చూడాలి, చూసి, ఆకలి లేకపోయినా చిరాకేసి నోరు తెరవాలి. బురద నీళ్ళలో దానికి ఏం కనపడి ఏం చిరాకేస్తుంది? ముప్పై ఏళ్ళ నా చేపల పరిజ్ఞానం ఒక్క కప్పు టీలో కరిగిపోయింది.

అయినా టికెట్ డబ్బులు గుర్తొచ్చి దిగుతానన్నా. చంకల దాకా వచ్చే రబ్బరు ప్యాంటు, పదిహేను అడుగుల కర్ర, రెండు చేతులతో విసరాలి. మొదటి విసురుకి కొక్కెం నా టోపీకి పట్టుకుంది. రెండోదానికి నా వీపుకి. మూడోదానికి నా వెనకాల ఉన్న చెట్టుకి, గిల్లీ గారు అప్పటికే ఆ చెట్టు వెనక్కి వెళ్ళి నించున్నాడు, అనుభవం ఉన్న మనిషి.

మధ్యాహ్నం రెండింటికి, చేతులు మొద్దుబారిపోయి నా పేరు కూడా మర్చిపోయే టైములో, ఒడ్డు పక్కన కాస్త నిలకడగా ఉన్న నీళ్ళలో లాగింది. చెట్టే అనుకున్నా. చెట్టు కదిలింది! నేను అరిచిన అరుపు రాజమండ్రి బ్రిడ్జి మీద వెళ్ళేవాళ్ళకి కూడా వినపడి ఉండాలి. పెద్దగా పోట్లాడలేదు, పాపం తొందరగానే వచ్చేసింది, రెండున్నర అడుగుల పొడుగు, వెండిలా మెరుస్తోంది. గిల్లీ గారు నీళ్ళలోనే వలలో ఉంచి ఒక్క ఫోటో తియ్యనిచ్చాడు. ఫ్యామిలీ గ్రూపులో పడేశా. పది సెకన్లలో మా ఆవిడ: "అమ్మ చింతపండు నానబెట్టేసింది."

సరిగ్గా అప్పుడే గిల్లీ గారు వలని పక్కకి వంచాడు, చేప తోక ఆడించుకుంటూ వెళ్ళిపోయింది.

నేను నోరు తెరిచి అలాగే ఉండిపోయా. ఆయన చాలా మామూలుగా చెప్పాడు, మార్చి 31 దాకా స్కాట్లండ్‌లో ఎక్కడ ఏ సాల్మన్ పట్టినా వదిలేయాల్సిందే, చట్టం. పైగా ఇది అసలు వసంతం చేపే కాదు, చలికాలంలో గుడ్లు పెట్టేసి సముద్రానికి తిరిగి పోతున్నది, కెల్ట్ అంటారు, దీన్ని ఏ నెలలోనూ ఉంచుకోకూడదు. నాకు వినపడింది మాత్రం చింతపండు నానుతున్న చప్పుడు.

దారిలో సూపర్ మార్కెట్లో ఆగా. కొక్కెంతో పట్టిన సాల్మన్‌ని అమ్మడం కూడా ఇక్కడ నిషేధమే, అక్కడున్నవన్నీ పెంపకం చేపలు, పొందిగ్గా కోసి ప్లాస్టిక్ ట్రేలో పెట్టిన ముక్కలు. నాలుగు ట్రేలు కొని, కారులోనే కవర్లు చింపేసి, ముక్కల్ని మామూలు సంచిలో వేసుకుని, గిల్లీయే శుభ్రం చేసిచ్చాడని చెప్పడానికి డైలాగు కూడా ప్రాక్టీసు చేసుకుంటూ ఇంటికొచ్చా.

అత్తగారు సంచి తీసుకుని లోపల ఒకసారి చూశారు. "తలకాయేదండీ?" అన్నారు.

"అక్కడ తలలు తీసేస్తారండీ, ఆచారం."

ఆవిడ ఏమీ అనలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఫోన్ తీసి, నేను పంపిన ఫోటో రెండు వేళ్ళతో పెద్దది చేశారు. "తల ఇంత, ఒళ్ళు ఇంత, పొట్ట చూడండి ఎలా వేలాడిపోయిందో. గుడ్లు పెట్టేసి పోతుంది కదండీ ఇది, చూస్తే తెలియట్లా? బాలింతని పట్టుకున్నారా అల్లుడుగారూ?"

చట్టమూ గిల్లీ కలిసి చెప్పినప్పుడు రాని సిగ్గు అప్పుడొచ్చింది. వదిలేశానండీ అని మొత్తం కక్కేశా, ఒకటో తారీకు నుంచి కొన్ని నదుల్లో ఉంచుకోవచ్చండీ, ఏటా నదులకి ఇచ్చే గ్రేడుల్ని బట్టి అని కూడా చెప్పా. "ఏప్రిల్ ఒకటో తారీకా?" అని మా ఆవిడ వంటింట్లోంచే నవ్వింది.

పులుసు పెట్టారు. ముక్క విడిపోయి పులుసులో కలిసిపోయింది, బెండకాయలు మాత్రం చాలా బాగున్నాయి.

ఇప్పుడు ఆ నది గ్రాఫు లింకు అత్తగారి ఫోన్లో ఉంది. పొద్దున్న కాఫీ కంటే ముందు చూస్తున్నారు. నిన్న నేను లేచేసరికి హాల్లో కూర్చుని ఉన్నారు, "తగ్గింది అల్లుడుగారూ, మూడ్రోజుల్నించీ వాన లేదు, నీళ్ళు తేటపడిపోయుంటాయి, ఇవాళ వెళ్తే తగుల్తుంది" అన్నారు.

"ఇవాళ ఆదివారం అండీ."

ఆవిడ ఫోన్ పక్కన పెట్టి, నన్ను చూసి, "పోనీ ఊరికే చూసొద్దాం పదండి" అన్నారు. సంచి కూడా పట్టుకున్నారు.