రాజు కావలెను

పక్కింటి కుర్రాడు పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. వాడి కోచింగ్ నోట్సులో ఆధునిక జాతి రాజ్యాల పాఠం తిరగేస్తే గ్రీసుకు దక్కింది ఒకే ఒక్క లైను. తుర్కుల మీద సుదీర్ఘ పోరాటం తర్వాత గ్రీసు స్వతంత్రమైందట, ప్రజల ఆకాంక్ష మేరకు రాజు సింహాసనం అధిష్ఠించాడట. పక్కన ఎర్ర ఇంకుతో రెండు స్టార్లు కూడా.

ప్రజల ఆకాంక్ష! ఆ రెండు మాటలు చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో కొత్త దేశం పెట్టాలంటే పద్ధతి ఒకటుంది. జనం ముందుగా తిరగబడాలి, వేలల్లో చావాలి. అదంతా అయ్యాక ఇంగ్లండు, ఫ్రాన్సు, రష్యా వాళ్ళు పెళ్ళిపెద్దల్లా కూర్చుని ఆ దేశానికి ఒక రాజును చూస్తారు. పిల్లను అడిగే ఆచారం లేదు. అబ్బాయికి ఉండాల్సిన అర్హతలు కూడా పెద్దగా ఏమీ లేవు. ఆ దేశంలో పుట్టి ఉండకూడదు, ఆ భాష రాకూడదు, మతం కూడా వేరైతే ఇక తిరుగులేదు. సరుకు మాత్రం జర్మనీలో దండిగా దొరికేది. అక్కడ సంస్థానాలు బోలెడు, ప్రతి సంస్థానంలోనూ పనీపాటా లేని రెండో కొడుకు ఒకడు.

గ్రీసుకు 1830లో చూసిన మొదటి సంబంధం సాక్స్-కోబర్గ్ అనే జర్మన్ సంస్థానపు లియోపోల్డ్. అబ్బాయి ముందు సరేనన్నాడు. తర్వాత సరిహద్దులు నచ్చలేదన్నాడు, ఇంకేదో అన్నాడు, తప్పుకున్నాడు. మరుసటి ఏడాదికల్లా బెల్జియంతో ఖాయం చేసుకున్నాడు. ఈలోగా గ్రీసును నడుపుతున్న కపోదిస్ట్రియాస్‌ను 1831లో చర్చి గుమ్మం దగ్గరే చంపేశారు. పెద్దలకు టెన్షన్ పెరిగింది. 1832 మేలో లండన్‌లో కూర్చుని జర్మన్ రాజ్యం బవేరియా రాజుగారి రెండో అబ్బాయి ఓటోను ఖాయం చేశారు. ఆ సంతకాల బల్ల దగ్గర గ్రీకువాడు ఒక్కడూ లేడు. గ్రీసులో దిగేనాటికి పెళ్ళికొడుకు వయసు 17. కట్నంగా 6 కోట్ల ఫ్రాంకుల అప్పుకు మూడు దేశాలు హామీ పడ్డాయి. అప్పు తీర్చాల్సింది మాత్రం పిల్లే.

1833 ఆరంభంలో అబ్బాయి బ్రిటిష్ యుద్ధనౌక మీద గ్రీసులోని నాఫ్లియో రేవులో దిగాడు. వెంట మూడు వేలకు పైగా బవేరియా సైనికులు, మైనరు తీరేదాకా రాజ్యం చూసుకోవడానికి ముగ్గురు బవేరియా పెద్దమనుషులు. ఆ ముగ్గురూ జర్మన్‌లో ఆలోచించి గ్రీకు జనాన్ని పాలించారు.

ఇక్కడిదాకా నవ్వుతూ చెప్పొచ్చు. కొలొకోట్రోనిస్ దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు రాదు.

ఆయన తుర్కుల మీద జరిగిన పోరాటంలో సేనాని. 1822లో దెర్వెనాకియా కనుమల్లో తుర్కు సైన్యాన్ని చిత్తు చేసినవాడు. ఆయనా, ఆయన మనుషులూ లేకపోతే ఆ కుర్రరాజుకు దిగడానికి రేవే లేదు. అలాంటివాడిని, అరవై దాటిన ముసలివాడిని, 1834లో రాజద్రోహం కేసులో బోనెక్కించారు. అయిదుగురు జడ్జీల్లో పోలిజొయిదిస్, తెర్త్‌సెతిస్ అనే ఇద్దరు మరణశిక్ష మీద సంతకం పెట్టం అన్నారు. సైనికులు వాళ్ళను ఈడ్చుకొచ్చి కోర్టులో కూర్చోబెట్టారు. ఈడ్చింది జడ్జీల్ని! ఎవరి దేశంలో ఎవరు ఎవరికి ద్రోహి? నిన్నగాక మొన్న ఓడ దిగినవాడి ప్రభుత్వం, నెత్తురు ధారపోసి దేశం తెచ్చినవాడిని ద్రోహి అంటుందా? సిగ్గుండాలి. మరుసటి ఏడాది రాజుగారికి మైనారిటీ తీరగానే దయతో క్షమాభిక్ష పెట్టారట. క్షమాభిక్ష అడగాల్సింది ఎవరో ఆ నోట్సు రాసినవాడు చెప్పాలి.

రాజ్యాంగం కావాలని 1843లో సైనికులూ జనమూ ఏథెన్స్‌లో రాజభవనం ముందు నిలబడితే తప్ప ఓటోగారు దిగిరాలేదు. 1862లో పూర్తిగా దింపేశారు. వచ్చినట్టే బ్రిటిష్ ఓడెక్కి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు అసలు ఘట్టం. రెండో సంబంధానికి ఈసారి పిల్లనే అడుగుదామనుకున్నారు. ఓటింగు పెట్టారు. 2,41,202 ఓట్లు పోలైతే అందులో 2,30,016 విక్టోరియా రాణి రెండో కొడుకు ఆల్‌ఫ్రెడ్‌కు పడ్డాయి. గణతంత్రం కావాలన్నవాళ్ళు 93 మంది. డెన్మార్క్ రాకుమారుడు విలియంకు 6 ఓట్లు.

గెలిచింది విలియం.

అవును, 6 ఓట్లవాడే. తమ మూడు రాజకుటుంబాల వాళ్ళెవరూ గ్రీసు గద్దె ఎక్కకూడదని పెళ్ళిపెద్దలు ముందే రాసుకున్నారు కాబట్టి ఆల్‌ఫ్రెడ్ చెల్లడు. వెతగ్గా వెతగ్గా విలియం తేలాడు. ఇతనికీ 17 ఏళ్ళే. ఆ వయసు దాటితే పనికిరారేమో. 1863 మార్చిలో గ్రీసు సభ ఏకగ్రీవంగా జార్జి అని పేరు మార్చి మరీ ఎన్నుకుంది. అప్పటికి వాళ్ళ నాన్న ఇంకా డెన్మార్క్ రాజు కాలేదు, ఆయన వంతు నవంబరులో వచ్చింది. తండ్రికంటే ముందు కొడుక్కి ఉద్యోగమొచ్చిన ఇల్లది. ఆ ఆరుగురు ఓటర్లు ఎవరో, ఏ ఊరివాళ్ళో నాకు తెలుసుకోవాలనుంది. ప్రపంచ చరిత్రలో అంత బలమైన ఓటు బ్యాంకు మరొకటి లేదు. మన పార్టీల వాళ్ళు వాళ్ళ వారసుల అడ్రసు కనుక్కుంటే మంచిది.

ఓడిన, అంటే గెలిచిన, ఆల్‌ఫ్రెడ్ 1869లో మన దేశానికి షికారు వచ్చాడు. మనల్ని ఓటడిగినవాడు లేడు. ఆయన పేరు పెట్టిన అలహాబాదు పార్కులోనే 1931లో చంద్రశేఖర్ ఆజాద్ నేలకొరిగాడు.

రుమేనియా సంగతి క్లుప్తంగా. 1866లో దాని గద్దె కోసం హోహెన్‌జోలెర్న్ అనే జర్మన్ రాజవంశపు కరోల్ దొంగ పేరుతో, రైల్లో సెకండ్ క్లాసులో ఆస్ట్రియా దాటి వచ్చాడు. కనీసం టికెట్ కొన్నాడు.

స్పెయిన్ కథ ఇంత చవగ్గా తేలలేదు. 1868 విప్లవంలో ఇసబెల్లా రాణిని తరిమేశాక జనరల్ ప్రిమ్ రాజు కోసం ఐరోపా అంతా గాలించి చివరికి ఆ కరోల్‌కు అన్నగారైన లియోపోల్డ్‌ను పట్టాడు (బెల్జియం లియోపోల్డ్ వేరు). అటు పెద్ద జర్మన్ రాజ్యం ప్రష్యా, ఇటు స్పెయిన్‌లో ప్రష్యా రాజుగారి చుట్టమా అని ఫ్రాన్సు మండిపడింది. 1870 జూలై 12న లియోపోల్డ్ తరఫున తండ్రి వద్దన్నాడు. వద్దన్నాడు కదా, అయిపోయిందా? లేదు. ఇకముందు కూడా ఎప్పటికీ ఇలాంటి సంబంధానికి ఒప్పుకోనని ప్రష్యా రాజు మాటివ్వాలంది ఫ్రాన్సు. ఆ సంగతి చెబుతూ ప్రష్యా రాజు ఉన్న ఎమ్స్ ఊరినుంచి వచ్చిన టెలిగ్రామును ప్రష్యా ప్రధాని బిస్మార్క్ కత్తిరించి పేపర్లకిచ్చాడు. 19న యుద్ధం.

ఎవరూ ఎక్కని కుర్చీ కోసం లక్షన్నరకు పైగా సైనికులు చచ్చారు. ప్యారిస్ ముట్టడిలో జనం ఎలుకల్ని తిన్నారు, జంతుశాలలోని రెండు ఏనుగుల్ని కోసి మాంసం అమ్మారు. ఫ్రాన్సు సరిహద్దులోని అల్సాస్‌లో రైతు నిద్రలేచేసరికి వేరే దేశపువాడయ్యాడు. వాడిని ఎవడైనా అడిగాడా? స్పెయిన్ గద్దెతో వాడికేం పని? 1871 జనవరిలో ఫ్రాన్సు రాజుల వెర్సాయ్ భవనంలో, అద్దాల హాల్లో జర్మన్ సామ్రాజ్యం ప్రకటించుకుని కత్తులెత్తి జేజేలు కొట్టారు. పక్కింటి కుర్రాడి నోట్సులో దానికి మూడు స్టార్లు.

స్పెయిన్‌కు చివరికి ఇటలీ నుంచి అమదేయో వచ్చాడు. ఆయన ఓడ దిగిన రోజే, ఆయన్ని తెచ్చిన ప్రిమ్ తుపాకి గాయాలతో చనిపోయాడు. అమదేయో రెండేళ్ళు భరించి, 1873లో మీకో దణ్ణం అని ఇంటికి పోయాడు. వద్దన్న లియోపోల్డ్ మాత్రం నష్టపోలేదు. కొడుకుల్లేని తమ్ముడు కరోల్ పోయాక, 1914లో, లియోపోల్డ్ కొడుకు ఫెర్డినాండ్ రుమేనియాకు రాజయ్యాడు.