నూనె పట్టిస్తే లెదర్ సీటు మెత్తబడదు

గట్టిపడి అట్టముక్కలా తయారైన కారు లెదర్ సీటు గురించి ఒక చిట్కా చాలా ఏళ్లుగా చేతులు మారుతోంది. దాని సారం ఇది: "లెదర్ కూడా చర్మమే. నూనె ఇంకిపోయి ఎండిపోయింది, అంతే. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే రంధ్రాలు తెరుచుకుంటాయి. ఆలివ్ నూనో కొబ్బరి నూనో దట్టంగా పట్టించి, ప్లాస్టిక్ కప్పి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకల్లా వెన్నలా అవుతుంది. నెలకోసారి చేస్తుంటే ఇక గట్టిపడదు." కొందరు నూనెలో వెనిగర్ కూడా కలపమంటారు.

ఇందులో నూనె తగ్గిందన్న మాట చాలావరకు నిజం. చిక్కేమిటంటే ఆ ఒక్క నిజం పట్టుకుని మిగతాదంతా అల్లేశారు. ఒకప్పుడు నేనూ నమ్మి నా పాత కారు డ్రైవర్ సీటుకి ఈ వైద్యం చేశాను. రెండు వారాలు నిగనిగలాడింది. తర్వాత కుట్ల వెంట నల్లగా చారలు తేలాయి, లేత రంగు ప్యాంటు ఒకటి పాడైంది. సీటు మాత్రం ఎంత గట్టిగా ఉండేదో అంతే గట్టిగా ఉంది.

"లెదర్ కూడా చర్మమే" అన్న మాట దగ్గర మొదలుపెడదాం. ఒంటి మీద చర్మానికి కింద నుంచి తేమ, కొవ్వు అందుతూ ఉంటాయి. లెదర్‌కి ఆ సరఫరా లేదు. అది చర్మశుద్ధి అయిన కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల అల్లిక. క్రోమియం లవణాలతోనో, చెట్ల బెరడులో ఉండే టానిన్లతోనో, ఇంకో రసాయనంతోనో దాన్ని కుళ్లకుండా చేస్తారు. ఆ తర్వాత తడిగా ఉండగానే పెద్ద పీపాల్లో వేసి, నీళ్లలో కలిసేలా మార్చిన నూనెలతో గంటల తరబడి తిప్పుతారు. దీన్ని ఫ్యాట్‌లిక్కర్ పట్టించడం అంటారు. నీళ్లు నూనెని పోగుపోగు మధ్యకీ మోసుకెళ్తాయి. తోలు ఆరాక నీళ్లు పోతాయి, నూనె పోగులకి అంటుకుని మిగులుతుంది. దాంతో ఒక పోగు మీద ఇంకో పోగు జారుతుంది. మనం మెత్తదనం అనుకునేది ఆ జారుడే. ఈ పని చేయకుండా తోలుని ఆరబెడితే పోగులు ఒకదానికొకటి అతుక్కుని రేకులా బిగుసుకుంటుంది.

ఏళ్ల తరబడి ఎండా వేడీ తగిలిన సీటులో జరిగేది కూడా దాదాపు ఇదే. నీళ్లలో బాగా నాని గబగబా ఆరిన సీటుదీ అదే కథ. లోపలి నూనె కదిలిపోతుంది లేదా పాడవుతుంది, పోగులు అతుక్కుంటాయి.

"పోయింది నూనే కదా, నూనే పోస్తే తప్పేంటి?" అని అడగొచ్చు. సబబైన ప్రశ్నే. కానీ ఈ కాలపు కారు లెదర్‌లో ఎక్కువ భాగానికి పైన రంగు, దాని మీద పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ పూత ఉంటాయి. అనుమానముంటే ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క గుండ్రంగా నిలబడితే పూత ఉన్నట్టు, ఇంకిపోయి మచ్చ ముదిరితే లేనట్టు, లేదా అరిగిపోయినట్టు. పూత మీద రాసిన నూనె పైనే ఉండి దుమ్ము పట్టుకుంటుంది. లోపలికి దిగేది పగుళ్లలోంచి, కుట్ల రంధ్రాల్లోంచి. నా సీటు మీద చారలు సరిగ్గా అక్కడే పడ్డాయి. పూత లేని చోట పచ్చి నూనె ఇంకినా, అతుక్కున్న పోగులని విడదీసి ఒక్కోదానికీ సమానంగా పట్టే గుణం దానికి లేదు. దొరికిన ఖాళీల్లో నిలిచి తోలుని నల్లబరుస్తుంది, వేడికి మళ్లీ పైకి ఊరుతుంది.

పైగా ఆలివ్ నూనె గాలి తగిలేకొద్దీ జిగటగా మారి కంపు కొడుతుంది. కొబ్బరి నూనె అంత త్వరగా చెడదు, కానీ సుమారు 24 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే గడ్డకడుతుంది. అవిసె నూనె వాడమన్నవాళ్లనీ చూశాను. అది గాలి తగిలితే గట్టి పొరగా ఆరే నూనె, అందుకే పెయింట్లలో కలుపుతారు. గట్టిపడ్డ సీటుకి గట్టిపడే నూనె!

హెయిర్ డ్రయ్యర్ సలహా ఇంతకంటే ప్రమాదం. లెదర్‌లో రంధ్రాలంటే ఒకప్పుడు వెంట్రుకలు ఉన్న చోట్లు. అవి తెరుచుకోవు, మూసుకోవు. వేడికి జరిగేది వేరు. శుద్ధి చేయని తడి చర్మం 60-65 డిగ్రీల దగ్గరే ముడుచుకుపోతుంది. తడిగా ఉంటే బెరడుతో శుద్ధి చేసినది 70-85 దగ్గర, క్రోమియంతో శుద్ధి చేసినది సుమారు 100 దగ్గర. పాతబడి బలహీనపడ్డ తోలుకి ఈ హద్దులు ఇంకా కిందికి దిగుతాయి. డ్రయ్యర్ దగ్గరగా పెడితే ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. వెనిగర్ నీళ్లతో తడిపి వేడి పెట్టామంటే కోరి ముడుచుకునేలా చేసినట్టే. అలా ముడుచుకున్న పోగు మళ్లీ సాగదు. ఇక ప్లాస్టిక్ కప్పడం వల్ల లోపలి తేమ బయటికి పోక బూజు పట్టొచ్చు, అంతకు మించి ఒరిగేదేమీ లేదు.

"నెలకోసారి" అన్నదానికి మ్యూజియంల అనుభవమే జవాబు. లానొలిన్ (గొర్రె ఉన్ని కొవ్వు), తేనెమైనం, దేవదారు నూనె కలిపిన బ్రిటిష్ మ్యూజియం లెదర్ డ్రెస్సింగ్ అనే మందుని పాత పుస్తకాల తోలు అట్టలకి దశాబ్దాల పాటు రాశారు. ఆ అట్టలు నల్లబడి, జిగురెక్కి, దుమ్ము పట్టడం చూశాక పరిరక్షకులు ఆ అలవాటు చాలావరకు మానేశారు. పూత ఉన్న కారు సీటుకి కావలసింది మెత్తటి తడిగుడ్డ, ఆమ్లం వైపు ఉండే తేలికపాటి క్లీనర్, ఎండ తగలకుండా నీడ. బట్టల సబ్బు వద్దు, దాని క్షారగుణం తోలుకి పడదు.

అసలు ఆ సీటు లెదరేనా అని ఈ చిట్కా ఎక్కడా అడగదు. చాలా కార్లలో కూర్చునే భాగమే లెదర్, పక్కలూ వెనకా వినైల్, అంటే మనం రెక్సిన్ అనేదే. కవరు జిప్పు విప్పి లోపలి వైపు చూడండి. నూగులా పోగులు కనిపిస్తే తోలు, నేత గుడ్డ కనిపిస్తే రెక్సిన్. రెక్సిన్‌ని మెత్తగా ఉంచే రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి పోతుంది. దాన్ని ఏ నూనెతోనూ తిరిగి ఎక్కించలేం, ఆ ముక్క మార్చి కుట్టించాల్సిందే.

మరి నిజమైన తోలు గట్టిపడితే? ఓపిక ఉంటే కొంత దారి ఉంది. కవరు సీటు నుంచి విప్పాలి. పని వెనక వైపు నుంచి జరగాలి, అటు పూత ఉండదు గనక. ముందు తుడిచి, గది వేడిలోనే సమానంగా కొద్దిగా తడిపి, నీళ్లలో కలిసే ఫ్యాట్‌లిక్కర్ రకం సాఫ్ట్‌నర్‌ని పలుచగా పట్టించాలి. నీడలో నెమ్మదిగా ఆరుతుండగా చేత్తో మడుస్తూ, నలుపుతూ, లాగుతూ ఉండాలి. అతుక్కున్న పోగులు విడిపోయేది ఆ నలుపుడుకే. ఇది వదిలేస్తే ఎంత ఖరీదైన మందైనా దండగ. ఆరాక మళ్లీ ఇంకో పలుచటి పూత, ఇలా కొన్ని రోజులు. ముందు కనపడని మూల ఒక చిన్న ముక్క మీద చేసి చూసుకోండి. కొత్త సీటులా అవుతుందని మాత్రం చెప్పను. వంగే స్థితికి వస్తే గెలిచినట్టే. మడిచినప్పుడు పగులు పూత దాటి పోగుల దాకా దిగుతుంటే, లేదా గీరితే ఎర్రటి పొడి రాలుతుంటే ఆ ముక్క మీద సమయం పెట్టకండి.

ఇప్పటికే నూనె పట్టించేసి ఉంటే, పీల్చే గుడ్డతో అద్ది వచ్చినంత తీయండి. మళ్లీ రంగు వేయించాలనుకుంటే ఆ సంగతి పనివాడికి ముందే చెప్పండి. నూనె తాగిన తోలు మీద రంగు నిలవదు. నేను చెప్పలేదు, సిగ్గుపడి. రెండు నెలల్లో కుట్ల పక్కన రంగు పొలుసుల్లా లేచిపోయింది.