బొమ్మ బాగుంది, ఫైలే తిరిగొచ్చింది

కనుమ రోజు మా కోనసీమలో జగ్గన్నతోటకు ప్రభలు తరలిరావడం చూస్తూ పెరిగినవాణ్ని. వెదురు బద్దలు వంచి, రంగు బట్టలు చుట్టి, గంటలు కట్టిన ఆ ప్రభను పెన్సిల్‌తో గీసి, స్కాన్ చేసి, ఇమేజ్ ట్రేస్ కొట్టి (స్కాన్‌ను సాఫ్ట్‌వేరే గీతలుగా మార్చేస్తుంది) వెక్టర్‌గా, అంటే ఎంత పెంచినా చెడని గీతల ఫైలుగా, ఒక స్టాక్ లైబ్రరీకి పంపాను. స్టాక్ లైబ్రరీ అంటే మన బొమ్మల్ని ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే చోటు. కొన్నాళ్లకు జవాబొచ్చింది: ‘నాణ్యత సమస్యలు’. అంతే. ఏ సమస్యో, ఎక్కడుందో ఒక్క ముక్క లేదు.

బొమ్మ బాగాలేదన్నారనుకుని మనసు చివుక్కుమంది. అమలాపురం, రాజోలు వైపు డీటీపీ సెంటర్లలో పగలంతా పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు చేసి రాత్రిళ్లు స్టాక్ కోసం గీసే కుర్రాళ్లు నాకు కొందరు తెలుసు. నాలుగుసార్లు రిజెక్ట్ అయ్యేసరికి ‘మనకు రాదులే’ అని మానేసినవాళ్లు వాళ్లలో ఉన్నారు. అది చూస్తే బాధేస్తుంది. ఎందుకంటే అలా తిరిగొచ్చిన ఫైళ్లు నేను తెరిచి చూసినంతవరకు, చాలావాటిలో తప్పు బొమ్మలో లేదు, లోపలి గీతల్లో ఉంది. ఆ లోపలికి చూడటం మాకెవరూ నేర్పలేదు.

ఫ్లెక్సీ పనిలో కంటికి కనిపించేదే సరుకు. రెండు ఆకారాల మధ్య సందు పడితే పైన ఒక రంగు ముక్క వేసి కప్పేస్తాం. గీత చివర కలవకపోతే ఎవరికీ తెలియదు. పెళ్లయిన మర్నాడు ఆ ఫ్లెక్సీ ఏ పశువుల పాక మీదో కప్పుగా మారుతుంది. స్టాక్‌లో కొనేవాడి సంగతి వేరు. వాడు ఫైలు తెరిచి, ప్రభలోంచి ఒక పువ్వు విడదీసి రంగు మార్చుకుంటాడు, టీషర్టు మీద వేసుకుంటాడు. మనం కప్పిన ముక్కలన్నీ అప్పుడు బయటపడతాయి.

ఈ తేడా నాకు చూపించింది మా బస్టాండు దగ్గర కట్టరు మెషీన్ మీద బళ్లకు రేడియం స్టిక్కర్లు కోసే బాబాయ్. ప్రభను స్టిక్కరుగా కోయించుకుందామని వెళ్తే ఆయన ఫైలును కోరల్‌డ్రాలో తెరిచి, వైర్‌ఫ్రేమ్‌లో, అంటే రంగులు తీసేసి గీతలు మాత్రమే కనిపించేలా పెట్టి, తల అడ్డంగా ఊపాడు. “ఇది కట్టరుకు ఎక్కదురా. ఈ నోడ్లు చూడు, చీమల బారులా ఉన్నాయి.” నోడ్లంటే గీతను పట్టి ఉంచే చుక్కలు. ఒక్క వెదురు బద్ద వంపు మీదే రెండు వందలకు పైగా నోడ్లు! అదే చేత్తో పెన్ టూల్ పట్టి గీస్తే ఆరు చాలు. ప్రతి నోడ్ దగ్గరా బ్లేడు ఆగి తిరగాలి, ఆ తిరగడంలో రేడియం చిరుగుతుంది. కాగితం మసకలు, పెన్సిల్ గరుకు కూడా ట్రేస్‌లో ఆకారాలై కూర్చున్నాయి. రివ్యూ చేసేవాళ్లు చూసేదీ ఇదే. ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ వై నొక్కితే మనకూ కనిపిస్తుంది. నేను మాత్రం పంపేముందు ఒక్కసారి కూడా నొక్కలేదు.

కొలత విషయంలోనూ, చిన్నగా గీసి తర్వాత పెంచుకునే ఫ్లెక్సీ అలవాటే దెబ్బతీస్తుంది. ఏ4 ఆర్ట్‌బోర్డు (బొమ్మ గీసే పేజీ) 595 × 842 పాయింట్లు, ఇక్కడ పాయింటంటే పిక్సెలే, గుణిస్తే ఐదు లక్షల పైచిలుకు. అడోబ్ స్టాక్ వెక్టర్‌కు అడిగేది కనీసం 15 మెగాపిక్సెళ్లు, అంటే కోటీ 50 లక్షలు. షటర్‌స్టాక్‌కు 4 మెగాపిక్సెళ్లు. 5000 × 3000 పెట్టుకుంటే రెండు చోట్లా సరిపోతుంది. వెక్టర్ ఎంత పెంచినా చెడదు కదా అని ఒక్కసారిగా లాగేస్తాం. ‘స్కేల్ స్ట్రోక్స్ అండ్ ఎఫెక్ట్స్’ టిక్ పెట్టకపోతే బొమ్మ పెరుగుతుంది, గీతలు దారాల్లా మిగిలిపోతాయి. అక్షరాలను కర్వ్స్ చేసి, అంటే మామూలు గీతలుగా మార్చి పంపాలన్న నియమం మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. డీటీపీలో తెలుగుకు వాడే అను ఫాంట్లు లేని సిస్టంలో తెలుగు ఎలా పిచ్చి గీతలైపోతుందో ఇక్కడ అందరికీ అనుభవమే.

ఇంత చెప్పినా తప్పంతా గీసేవాళ్లదే అనను. 2022 డిసెంబరులో అడోబ్ స్టాక్ ఏఐ బొమ్మలను లేబుల్ పెట్టి తీసుకుంటామని ప్రకటించింది. ఏఐ బొమ్మకు ట్రేస్ కొట్టి వెక్టర్ అని పంపడం ఇప్పుడు నిమిషాల పని. వాటి మధ్య నా ప్రభ కూడా అలాంటిదే అనిపించి ఉండొచ్చు. రివ్యూ చేసేవాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ అంబాజీపేటలో కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి పక్కన పెట్టిన వ్యాపారి, ఎందుకు పెట్టాడో రైతుకు చెబుతాడు. వెక్టర్ అమ్మితే అడోబ్ స్టాక్ గీసినవాడికి ఇచ్చేది 33 శాతం. పెద్ద వాటా లైబ్రరీదే. అలాంటప్పుడు ‘ఇక్కడ గీత తెగింది’ అని తప్పున్న చోట ఒక సున్నా చుట్టి చూపించమనడం అత్యాశ కాదు. తెగిన గీతలను, అదనపు నోడ్లను సాఫ్ట్‌వేరే పట్టేయగలదు. గీసినవాడికి ఆ సంగతి చెప్పడమే మిగిలింది.

ప్రభను పెన్ టూల్‌తో మొదటినుంచీ గీశాను. పదకొండు రాత్రులు పట్టింది. ఈసారి తీసుకున్నారు. అదే పద్ధతిలో గీసి, దాంతోపాటే పంపిన సఖినేటిపల్లి రేవులో మనుషుల్ని, బళ్లను గోదావరి దాటించే పంటు బొమ్మ మాత్రం తిరిగొచ్చింది, మళ్లీ అవే రెండు మాటలతో. బాబాయ్, నేనూ వైర్‌ఫ్రేమ్‌లో గంటసేపు వెతికాం. తెగిన గీత ఒక్కటీ దొరకలేదు. చివరికి ఆయన దాన్ని కట్టరుకు ఎక్కించాడు. ఎక్కడా చిరగకుండా కోసింది. ఆ పంటు ఇప్పుడు ఆయన షాపు అద్దం మీద ఉంది.