కొండ మీద మూడంగుళాలు

మగవాళ్ళ బట్టలకి పొడవనేది ఒక్కసారి తేలిపోయే వ్యవహారం. ప్యాంటు కొన్న రోజే అడుగు మడిచి కుట్టించేస్తే ఇక పెళ్ళికీ అదే, తద్దినానికీ అదే, బ్యాంకులో లోను అడగడానికీ అదే. ఆడవాళ్ళ సంగతి అలా కాదు. మా అక్క బీరువా తెరిస్తే కుర్తీలే నాలుగు పొడవుల్లో వేలాడుతుంటాయి. మోకాలి దగ్గర ఆగేది స్కూటీ మీద బజారుకి, 44 అంగుళాలది ఆఫీసుకి, పిక్కలు దాటేది గుడికి, మడమల దాకా జారే అనార్కలీ ఫంక్షన్లకి. ఒకచోటికి వేసుకోవాల్సింది ఇంకోచోటికి వేసుకెళ్తే మా అమ్మ ఏమీ అనదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూస్తుంది. తిట్టినా బాగుండేదనిపిస్తుంది.

పొడవు విషయంలో అమ్మకి ఒకటే లెక్క: ఎదిగే పిల్ల. అక్క చిన్నప్పుడు ప్రతి పట్టులంగాకీ అంచు పైన లోపలివైపు రెండు టక్కులు వేయించేది. ఒక సంక్రాంతికి ఒకటి విప్పడం, ఆ పై సంక్రాంతికి రెండోది. విప్పిన చోట బట్ట వెలవకుండా ముదురు గీతలా మిగిలేది. ఆ గీత చూసి పిల్ల ఏడాదిలో ఎంత పెరిగిందో ఊళ్ళోవాళ్ళు లెక్క చెప్పేవాళ్ళు. ఇప్పుడు నా మేనకోడలికి పంతొమ్మిదేళ్ళు. పెరగాల్సినంతా పెరిగింది. అయినా పెళ్ళికని కంచిపట్టు లంగా కుట్టిస్తున్నామనగానే అమ్మ, "లోపల ఒక టక్కు పెట్టించండే" అంది.

"అమ్మమ్మా, నేనింక పెరగను" అంది అమ్మాయి.

"లంగాకి తెలియద్దూ?" అంది అమ్మ. ఈ మాటకి అప్పట్లో అందరం నవ్వాం.

పెళ్ళి మా పెదనాన్నగారి మనవరాలిది, అన్నవరంలో, సత్యనారాయణస్వామి కొండ మీద. మేనకోడలు ఆన్‌లైన్లో మూడంగుళాల హీల్స్ తెప్పించింది. టైలరు దగ్గరికి లంగా గుడ్డ అక్క పట్టుకుంది, చెప్పుల కవరు నాకిచ్చింది. ఆది జాకెట్టు ఇవ్వడం ఎరుగుదును గానీ, ఆది చెప్పులు పట్టుకెళ్ళడం అదే మొదలు. మాస్టారు మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. ఈ రోజుల్లో లంగాలన్నీ చెప్పులకే కుడుతున్నారట. అమ్మాయిని హీల్స్ మీద నిలబెట్టి, తాను నేల మీద గొంతుక్కూచుని, నడుము నుంచి టేపు వదిలాడు. వట్టి కాళ్ళతో 39, హీల్స్‌తో 42. చెవి వెనకున్న పెన్సిలు తీసి 42 రాసుకున్నాడు.

"పెళ్ళెక్కడ సార్?"

"అన్నవరం."

"ఆహా, సత్యదేవుడి కొండ! మా పెళ్ళీ అక్కడే అయింది" అని రెండు చేతులూ జోడించి, 42 కింద ఇంకో గీత గీశాడు. ఆయనా ఆ కొండ మీద చెప్పులు విప్పే పెళ్ళి చేసుకుని ఉంటాడు. అయినా ఆ గీత గట్టిగానే పడింది.

లంగా వచ్చింది. జానెడున్నర జరీ అంచు, లోపల లైనింగు, ఆ లోపల గుండ్రంగా నిలబడడానికి క్యాన్ క్యాన్ వల. ఇలాంటి లంగా పొడవెక్కువైతే కింద కత్తిరించే వీలుండదు, అంచు పోతుంది. పైన నడుము దగ్గర విప్పి, కుచ్చులన్నీ మళ్ళీ పేర్చాలి. అంటే ఇంకో వారం, ఇంకో కూలి. మాకు ఆ పని పడలేదు. హీల్స్ వేసుకుని ఇంట్లో అటూ ఇటూ నడిస్తే అంచు నేలని తాకీ తాకనట్టుగా ఉంది. అక్క ఫోటోలు తీసి నాలుగు గ్రూపుల్లో పెట్టింది. అమ్మ కళ్ళజోడు తుడుచుకుంది.

పెళ్ళి రోజు రాత్రి కారు ఘాట్ రోడ్డెక్కి పైన ఆగింది. అందరం చెప్పులు స్టాండులో ఇచ్చి టోకెన్ తీసుకున్నాం. హీల్స్ విప్పగానే మేనకోడలు మూడంగుళాలు కిందికి దిగింది. లంగా మాత్రం 42 దగ్గరే ఉంది.

చీరకి ఈ గొడవ లేదు చూడండి. అయిదున్నర మీటర్లు పొట్టివాళ్ళకీ అంతే, పొడుగువాళ్ళకీ అంతే. నడుము దగ్గర ఎంత దోపుకుంటే కింద అంత పొడవు. అమ్మ కుచ్చిళ్ళు కాస్త ఎత్తి బొడ్డులో దోపుకుని చకచకా మెట్లెక్కేసింది. నా వెల్క్రో పంచె మాటంటారా, అది అన్ని ఎత్తులవాళ్ళకీ ఒకే పొడవులో వస్తుంది. నాలాంటి పొట్టివాడి కాళ్ళకి అడ్డం పడుతుంది. దాన్ని పట్టించుకునే నాథుడు లేడు కాబట్టి నేను ఒక చేత్తో ఎత్తి పట్టుకున్నాను.

మేనకోడలికి ఆ సదుపాయం కూడా లేకపోయింది. మండపంలో అడుగు పెట్టగానే పెద్దత్తయ్య ఆమె రెండు చేతుల్లో తలంబ్రాల పళ్ళెం పెట్టేసింది. పళ్ళెం వదిలితే పెళ్ళి ఆగుతుంది, లంగా వదిలితే మనిషి బోర్లా పడుతుంది. పాపం, ఒక్కో అడుగుకీ కాలితో అంచుని ముందుకి తన్నుకుంటూ నడవడం నేర్చుకుంది. వెనకవైపు లంగా దాని పని అది చేసుకుపోతోంది. అక్షింతలు, బంతి రేకులు, ప్రసాదం కట్టిన ఆకులు, ఎవరిదో ఫోన్ చార్జరు... క్యాన్ క్యాన్ వల చేపల వలకంటే నమ్మకంగా పట్టుకుంటోంది. మధ్యలో పంతులుగారు మంత్రం ఆపి, "పసుపుకొమ్ము ఇక్కడే పెట్టానే" అని పీటల కింద, పళ్ళేల కింద వెతికారు. పెళ్ళికొడుకు తన పంచె దులిపి చూపించాడు. ఆఖరికి అది అమ్మాయితోపాటు మండపం అవతలి కొసకి వెళ్ళినట్టు తేలింది.

అక్క కళ్ళలో నీళ్ళు ఒక్కటే తక్కువ. అప్పుడు అమ్మ లేచింది.

"నడుము దగ్గర మడవండి" అని ఒకావిడ. మడిస్తే లావెక్కి వడ్డాణం హుక్కు పడలేదు. "బొందు బిగించండి" అని ఇంకొకావిడ. లంగాకి బొందే లేదు, జిప్పు. "టక్కు" అంది అమ్మ. "అంచు పైన, లోపలికి, చుట్టూరా. పిన్నీసులు తియ్యండి."

మన ఆడవాళ్ళ మంగళసూత్రాలకి సూత్రాలతోపాటు ఏమేం వేలాడుతుంటాయో అప్పుడు కళ్ళారా చూశాను. ఒకరి గొలుసుకి మూడు, ఇంకొకరి గాజుకి రెండు, పెద్దత్తయ్య నల్లపూసలకైతే చిన్నా పెద్దా కలిపి ఒక గుత్తి. నా కండువా లాక్కుని తెరలా పట్టారు. లోపలినుంచి "అటు లాగు", "లైనింగుతో కలిపి గుచ్చు", "అబ్బా అత్తయ్యా, అది నా కాలు" అని వినబడింది. తెర తీసేసరికి లంగా ముందువైపు సమంగానే ఉంది. ఎడమవైపు మాత్రం గోపురంలా లేచింది. ఫోటోగ్రాఫరు కాసేపు చూసి, "పాపా, నువ్వు కుడివైపే తిరిగుండు" అన్నాడు. ఆల్బంలో మా మేనకోడలు మొదట్నుంచి చివరిదాకా కుడివైపు ఎవర్నో చూస్తూనే ఉంటుంది.

తెల్లారి కొండ దిగాం. సాయంత్రం కాకినాడలో రిసెప్షన్, ఏసీ హాలు, చెప్పులతోనే లోపలికెళ్ళచ్చు. అమ్మాయి మళ్ళీ హీల్సెక్కింది. పిన్నీసులు తీద్దామని చూస్తే రెండు మూడు జరీలో చిక్కుకుని ఉన్నాయి. లాగితే పోగు లేస్తోంది. అక్క వద్దంటే వద్దంది. ఇక లోపల మూడంగుళాల టక్కు, కింద మూడంగుళాల హీల్స్. లంగా చీలమండల పైనే ఆగి, పట్టీలూ, పారాణీ, ఆన్‌లైన్ చెప్పులూ అన్నీ కనబడుతున్నాయి.

అమ్మ కళ్ళజోడు తుడవలేదు. "ఇదీ పావడా పొడవంటే!" అంది.

మేనకోడలు అమ్మమ్మతో మాట్లాడడం మానేసింది, భోజనాల వేళ దాకా. పెళ్ళికొడుకు తరఫు పిల్ల ఒకతి వచ్చి ఆ పట్టీలు ఎక్కడ కొన్నావని అడిగాక కాస్త మెత్తబడింది.

ఇంటికొచ్చాక తీరిగ్గా కూచుని లంగా విప్పదీశారు. పిన్నీసులు ఎవరివి వాళ్ళకి పంచడం అంత తేలిగ్గా జరగలేదు. అన్నీ ఒకేలా ఉంటాయి, అందరూ కొత్తవే మావన్నారు. పెద్దత్తయ్యది ఒక పెద్ద పిన్నీసు ఇంకా తేలలేదు. లంగా డ్రైవాషుకి వేసేముందు వల మొత్తం తడిమి చూడమని నిన్న కూడా ఫోన్ చేసింది.